నూగుమీసానికి గీత ఎక్కడ?

సందేహం: తెలుగు మాధ్యమంలో చదివి ఇంజనీరింగ్‌లో చేరిన మా విద్యార్థుల కోసం అవును, కాదుల మధ్య ఉండే మేరలను కూడా లెక్కించే ఫజీ లాజిక్ మీద తెలుగులో ఒక చిన్న పుస్తకం రాస్తున్నాను. 'అస్పష్ట తర్కం' అని వాడాను. రాతప్రతి చూసిన మిత్రులొకరు 'మసక తర్కం' బాగుంటుందన్నారు. ఇంకొకరు తెలుగు మాటను సంస్కృత పదంతో కలిపారు కాబట్టి అది దుష్టసమాసం అన్నారు. ఏది సరైనది?
– ఒక అధ్యాపకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాదు

సమాధానం: దుష్టసమాసం మాట ముందే తేల్చేస్తాను. సంస్కృత పదాల సాంస్కృతిక సమాసం, తెలుగు పదాల ఆచ్ఛిక సమాసాలతో పాటు, రెండూ కలిసిన మిశ్రసమాసాన్నీ వ్యాకరణకర్త చిన్నయసూరి ఒప్పుకున్నాడు. ఆయన ఒప్పుకున్నదాన్ని మీ మిత్రులు కాదననక్కరలేదు.

నా అభ్యంతరమంతా 'అస్పష్ట' మీదనే. ఒకరి మాట అస్పష్టంగా ఉందంటే మనకు అర్థం కాలేదని భావం. అస్పష్ట తర్కం అనగానే మీ విద్యార్థి దాన్ని తికమక వాదన అనుకుంటాడు. ఈ శాస్త్రం తికమకది కాదు. 1965లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లోట్ఫీ జాదే ప్రతిపాదించిన విషయం చాలా తేటగా ఉంది. పొడుగువాళ్లు అనే సమితికి, అంటే గణితంలోని సెట్‌కు, ఇక్కడి దాకా లోపల, ఇక్కడి నుంచి బయట అని గీత గీయలేము. కాబట్టి ఒక మనిషి ఆ సమితికి ఎంత మేరకు చెందుతాడో సున్నాకూ ఒకటికీ మధ్య ఒక అంకెతో చెబుదాం అన్నాడాయన. 0.7 అని అంకె వేసి చెప్పిన మాటను అస్పష్టం అనడం అన్యాయం. అంచు పదునుగా లేదు, అంతే.

ఆ పదును లేని అంచుకే ఇంగ్లీషువారు ఫజ్ అనే మాట తెచ్చుకున్నారు. వాళ్ల వాడుకలో ఫజ్ అంటే సన్నటి మెత్తటి రోమం. మనకు దానికి బంగారం లాంటి మాట ఉంది: నూగు. పాతవారు అరసున్నతో నూఁగు అని రాశారు. లేత బెండకాయ పట్టుకుంటే వేలికి తగిలేది నూగు. పసివాడి చెంపను కిటికీ వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. చర్మం ఎక్కడ అయిపోయిందో, వెలుతురు ఎక్కడ మొదలైందో చెప్పలేనట్టుగా అంచు పొడవునా సన్నగా మెరుస్తుంది. అదీ నూగు. ప్రబంధ కవులకు ప్రీతిపాత్రమైన 'నూగారు' కూడా నూగు, ఆరు కలిసి ఏర్పడినదే. సన్నని రోమాల బారు అని అర్థం. పొడి, నువ్వులు అనే అర్థాలు కూడా నూగుకు ఉన్నాయి, వాటితో ఇక్కడ పని లేదు.

వీటన్నింటిలోకీ నాకు ఇష్టమైనది నూగుమీసం. నూగుమీసాల కుర్రవాడికి మీసం ఉన్నట్టా, లేనట్టా? లేదంటే వాడు ఒప్పుకోడు, ఉందంటే వాళ్ల అమ్మ ఒప్పుకోదు. రేపు అదే కోరమీసం అవుతుంది. ఏ రోజున అయిందో ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేరు. జాదే సిద్ధాంతం మొత్తం ఈ ఒక్క సమాసంలో ఇమిడి ఉంది. 'ఉంది', 'లేదు' అనే రెండు గదులు చాలక మన పల్లెల్లో ఎవరో ఈ మాట కల్పించుకున్నారు.

ఇక్కడొక జాగ్రత్త. సందేహం వేరు, నూగు వేరు. పోతన గజేంద్రుడు 'కలడు కలండనెడివాడు కలడో లేడో' అన్నాడు. ఆ దేవుడు సగం ఉన్నాడా, ముప్పాతిక ఉన్నాడా అని ఏనుగు అడగలేదు. ఉంటే పూర్తిగా ఉంటాడు, లేకపోతే పూర్తిగా లేడు, తెలియనిది ఏనుగుకే. అది సంభావ్యత పుస్తకంలో చెప్పవలసిన విషయం. నూగుమీసం దగ్గర తెలియనిది ఏమీ లేదు. కుర్రవాడు కళ్లెదుటే ఉన్నాడు, మీసం కనిపిస్తూనే ఉంది. ఎంత అన్నదే ప్రశ్న. ఈ రెండింటినీ కలిపేసే పాఠాలు ఎన్నో విన్నాను. మీ పుస్తకంలో ఆ పొరపాటు రానివ్వకండి.

'చాలా' అనే విశేషణం చేరితే అంకెను వర్గం చేయాలనీ, 'ఇంచుమించు' చేరితే వర్గమూలం తీయాలనీ జాదే ఒక పద్ధతి సూచించాడు. సాయంత్రం ఐదు గంటలు 'పగలు'కు 0.8 మేరకు చెందుతాయనుకుంటే, 'చాలా పగలు'కు 0.64 మేరకే చెందుతాయి. మన వ్యాకరణంలో ఈ పని ద్విరుక్తటకారం, అంటే పట్టపగలులో వచ్చే 'ట్ట', ఎప్పటినుంచో చేస్తోంది. సాయంత్రం ఐదింటిని పగలు అంటాం గాని, పట్టపగలు అనం. నడుమ వెడల్పుగా ఉంటుంది, నట్టనడుమ ఇరుకైపోతుంది. సంధి సూత్రాన్ని వల్లించిన పిల్లలకు ఈ సంగతి ఒక్కసారి చూపించండి, వర్గం ఎందుకు చేస్తున్నామో వాళ్లే చెబుతారు.

యంత్రాల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. లండన్‌లో మమ్దానీ అనే పరిశోధకుడు, ఆయన శిష్యుడు అసీలియన్ చిన్న ఆవిరియంత్రాన్ని మాటలతో రాసిన నియమాలతో నడిపి 1975లో ప్రకటించారు. జపానులో 1987లో మొదలైన సెందాయి భూగర్భ రైలును నడపడానికీ, ఆపడానికీ ఈ పద్ధతే వాడారు. ఆ నియమాలు ఎలా ఉంటాయో తెలియాలంటే నాంపల్లిలో టీ కాచేవాడి పక్కన పది నిమిషాలు నిలబడితే చాలు. పాలు పొంగు మీదికి వస్తుంటే మంట కాస్త తగ్గిస్తాడు, అంచు దాటబోతుంటే బాగా తగ్గిస్తాడు, అణిగితే మళ్లీ కొంచెం పెంచుతాడు. థర్మామీటరు లేదు, కాస్త, బాగా, కొంచెం అనే మూడు మాటలే ఉన్నాయి. ఆ మూడింటికీ అంకెలు కట్టడమే మీ శాస్త్రం.

ఇంత చక్కని మాటలను మనం పాడు చేసుకుంటున్నాం. 'సుమారు 43 మంది గాయపడ్డారు' అని రోజూ చదువుతున్నాను, రోజూ బాధపడుతున్నాను. 43 అని లెక్క తేలాక సుమారు ఎందుకు? తేలకపోతే 40 అనండి. సుమారు పారశీకం నుంచి వచ్చింది, అక్కడ దాని అర్థం లెక్క. మన దగ్గరికి వచ్చి లెక్కకు అటూఇటూ అనే చోటును చూపే మాటగా స్థిరపడింది. ఆ చోటును మూసేసి మాటను మాత్రం ఉంచుకోవడం రాసేవారి అజాగ్రత్త.

ఇక తీర్పు. మనసు 'నూగు సమితి' అంటోంది. కాని పరీక్ష పేపరులో ఆ మాట చూసిన పిల్లవాడు మీసం తడుముకుంటాడేమో! 'మసక'కు మాపటివేళ వెలుగు తోడుంది, కన్నడంలో మసుకు అనే చుట్టమూ ఉంది. చూపు మసకబారడం అనే జబ్బు అర్థం మాత్రం కొంత అడ్డు వస్తుంది. ప్రస్తుతానికి సమితికి మసక సమితి అనండి, తర్కానికి మసక తర్కం అన్నా ఫజీ తర్కం అన్నా నేను తప్పు పట్టను. అస్పష్టాన్ని మాత్రం రాతప్రతి నుంచి కొట్టేయండి. నూగుమీసాన్ని మొదటి అధ్యాయంలో ఉదాహరణగా పెట్టండి.