అంకె కన్నా ముందు పిల్లాణ్ణి చూడు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

సోమవారం నుంచి చిన్నపిల్లల తెలివితేటల పరీక్షలు చేసే పనిలో చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. విశాఖలో ఏళ్ల తరబడి ఈ పనే చేశాను కనుక రాస్తున్నా.

మూడేళ్ల పిల్లాడికి పరీక్ష అంటే తెలీదు. నువ్వు కొత్త మనిషివి, అంతే. పొద్దున్నే పిలిపించు. తిన్నాడా, నిద్ర చాలిందా, జలుబుందా అడుగు. వినికిడి సంగతి తేలందే అసలు మొదలుపెట్టకు. పిలిచినా పలకని నాలుగేళ్ల బాబుకి తక్కువ అంకె వేసి పంపించాను ఒకసారి. చెవిలో నీరు చేరిందని తర్వాత తెలిసింది. వైద్యమయ్యాక వచ్చి గలగలా మాట్లాడాడు. ఆ తల్లి ఆర్నెల్లు పడ్డ బాధ ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఇంటి భాష కూడా కనుక్కో. మన ఊళ్లో రైల్వే, నేవీ కుటుంబాల పిల్లలు చాలామంది ఇంట్లో హిందీయో ఒడియానో మాట్లాడతారు. జాలరిపేట పాప ఒకత్తి పియానో బొమ్మ చూపిస్తే నోరు విప్పలేదు. "మీ అయ్య ఏం తెస్తాడే?" అన్నాను. వంజరం, చందువా, కానాగంత అంటూ చేపల పేర్లు వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఆ జవాబుకి మార్కు వెయ్యకూడదు, నియమం నియమమే. రిపోర్టులో మాత్రం తప్పకుండా రాయి.

సెగ్విన్ పలక, అంటే రకరకాల ఆకారాల గుంటలున్న చెక్క మీద, పది చెక్కముక్కలు మూడుసార్లు పెట్టించి, తక్కువ పట్టిన సమయం తీసుకుంటాం. గడియారం చూస్తూనే చేతుల్నీ చూడు. మొదటిసారి నక్షత్రాన్ని ప్లస్ గుంటలో కుక్కుతాడు. రెండోసారి తిప్పి చూస్తాడు. మూడోసారి నేరుగా దాని చోటికే. నేర్చుకోవడం నీ కళ్లముందే జరుగుతుంది.

వయసు సంవత్సరాలు, నెలలు, రోజుల్లో రెండుసార్లు లెక్కకట్టు. ఈ ఈడులో రెండు నెలల పొరపాటు కూడా ఫలితాన్ని మార్చేస్తుంది.

వెక్స్‌లర్ అనే తెలివితేటల పరీక్షల్లో సగటు 100, ప్రామాణిక విచలనం, అంటే అంకెలు సగటుకి మామూలుగా ఎంత అటూ ఇటూ పోతాయో చెప్పే కొలత, 15. ఫలితం ఒక్క అంకెగా కాక, ఇంత నుంచి ఇంత మధ్య అని చెప్పు. ఈ వయసు అంకెలు నిలకడగా ఉండవు, ఏడాదికో రెండేళ్లకో మళ్లీ చూడాలి. 1905లో పారిస్‌లో మనస్తత్వవేత్త బినే తన పరీక్ష తయారుచేసింది బడిలో సాయం కావాల్సిన పిల్లల్ని గుర్తించడానికే. తల్లిదండ్రులతో వరండాలో నిలబడి మాట్లాడకు. కూర్చోబెట్టి, ముందు పిల్లాడు చేయగలిగినవి చెప్పు, తర్వాత ఇంట్లో ఏం చేయించాలో చెప్పు.

భీమిలిలో ఏరుకొచ్చిన గవ్వల డబ్బా నా దగ్గరుంది. బెరుకు పోయేదాకా పిల్లలు ఆడుకుంటారు. ఆదివారం వచ్చి పట్టుకెళ్లు.

మీ పెద్దమ్మ