ఓటీ గంటలు నువ్వే రాసుకో నానీ

గాజువాక

చిరంజీవి నానికి మావయ్య ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, "వీడు ఆరింటికి రావాల్సినవాడు ఎనిమిదిన్నరకి వస్తున్నాడన్నయ్యా, అన్నం కూడా తినకుండా పడుకుండిపోతున్నాడు" అంది. నిన్నడిగితే "ఓటీ (ఓవర్‌టైమ్) డబ్బు ఇస్తున్నార్లే మావయ్యా" అన్నావు. గంటకెంత అంటే చెప్పలేకపోయావు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో అన్నీ చెప్పడం కుదరదు కాబట్టి రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

నువ్వు పంపిన జీతం స్లిప్పు చూశాను. బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 15,600. ఓటీ 52 గంటలు, దానికి 3,900. ఇప్పుడు ఒక కాగితం తీసుకుని నాతోపాటు లెక్క వెయ్యి. 15,600ని 26 రోజులకి (ఆదివారాలు పోను నెలలో పనిరోజులు) భాగిస్తే రోజుకి 600. దాన్ని 8తో భాగిస్తే గంటకి 75. వాళ్లు నీకు 52 గంటలకి 75 చొప్పున కట్టి ఇచ్చారు. అంటే మామూలు గంటకి ఎంతో ఓటీ గంటకీ అంతే. మన పరవాడ, ఆటోనగర్ వైపు దీన్ని "సింగిల్ ఓటీ" అంటారు, అదేదో పద్ధతి అయినట్టు. చట్టంలో సింగిల్ ఓటీ అనేదే లేదు. ఓటీ అంటే రెట్టింపు. గంటకి 150 లెక్కన నీకు రావాల్సింది 7,800. నెలనెలా 3,900 నీ చేతికి రాకుండా పోతోంది.

ఇది కొత్తగా వచ్చిన హక్కేం కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్‌లోనే ఉండేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, వేతనాల కోడ్‌లోనూ రెట్టింపే ఉంది. రోజుకి ఎనిమిది గంటలా, తొమ్మిదా, పదా అన్నదాన్ని ప్రభుత్వాలు మారుస్తుంటాయి. మీ సూపర్‌వైజర్ ఆ మాట పట్టుకుని "ఇప్పుడు పది గంటలు మామూలే" అంటాడేమో. కంగారుపడకు. వారానికి 48 గంటలన్న హద్దు అలాగే ఉంది. నువ్వు రోజుకి పది చొప్పున ఆరు రోజులు చేస్తే 60. 48 దాటిన ఆ పన్నెండూ ఓటీయే, వాళ్లు ఏ పేరు పెట్టినా సరే.

కరోనా రోజుల్లో గుజరాత్ ప్రభుత్వం ఫ్యాక్టరీల్లో పన్నెండు గంటలు చేయించుకోవచ్చు, ఓటీకి రెట్టింపు ఇవ్వక్కర్లేదని ఉత్తర్వు ఇచ్చింది. 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, చేయించుకున్న గంటలకి ఓటీ కట్టమంది. అంత కష్టకాలంలోనే ఆ సాకు చెల్లలేదు. మీ కాంట్రాక్టర్ "ఆర్డర్లు టైట్‌గా ఉన్నాయి" అంటే చెల్లుతుందా?

ఇక అసలు సంగతికి వస్తాను. చట్టం ఉన్నంత మాత్రాన డబ్బు రాదు నానీ. నువ్వు ఎన్ని గంటలు చేశావో నీ దగ్గర రాత ఉండాలి. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను.

ముప్పై ఏళ్ల కిందట మల్కాపురం వైపు ఒక వర్క్‌షాపులో వెల్డింగ్ చేసేవాణ్ణి. రిలీవర్, అంటే తర్వాతి షిఫ్టువాడు, రాకపోతే డబుల్ డ్యూటీ. వారంలో మూడు రాత్రులు అలాగే గడిచేవి. దానికి "భోజనం ఖర్చు" అని ఒక వోచర్ రాసి, ఏదో చిల్లర చేతిలో పెట్టి సంతకం పెట్టించుకునేవారు. రెండేళ్లు ఓర్చుకున్నాక ఐదుగురం కలిసి లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టాం. వర్క్‌షాపు వాళ్లు మస్టర్ (హాజరు పుస్తకం) పట్టుకొచ్చి చూపించారు. అందరూ రోజూ ఐదింటికే ఇంటికి వెళ్లిపోయినట్టు చక్కగా రాసి ఉంది. "మీ దగ్గర ఆధారం ఏముంది?" అని ఆఫీసరు అడిగితే ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

ఇంటికొచ్చి చెబితే మీ అత్త ఏమీ మాట్లాడకుండా వంటగదిలోకి వెళ్లి మేకుకి వేలాడే క్యాలెండర్ తీసుకొచ్చింది. తేదీల గళ్లలో పాల లెక్క. దాని పక్కనే కొన్ని గళ్లలో ఎర్ర సిరాతో "క్యా" అని రాసుంది. నేను రాత్రి ఆగిపోయిన రోజుల్లో పక్కింటి కుర్రాడు సైకిల్ మీద క్యారేజీ తెచ్చిచ్చేవాడు. నెలాఖరున వాడికి లెక్కకట్టి ఇవ్వాలని రాసుకుందట. పాత ఏడాది క్యాలెండర్ కూడా అలమర అరలో పేపరు కింద పరిచి ఉంది. రెండూ చుట్టి పట్టుకెళ్లాను. ఆఫీసరు ఒక్కో నెల తిప్పి చూసి, గేటు దగ్గరి సెక్యూరిటీ రిజిస్టర్ తెమ్మన్నారు. తేదీలు సరిపోయాయి. క్యారేజీ లోపలికి వెళ్లిన టైము కూడా అందులో ఉంది.

అప్పటి లెక్కలో ఏడాది లోపలి బకాయికే అర్జీ చెల్లేది. దానికి ముందటి ఏడాది కష్టం నీళ్లపాలైంది. వచ్చినదాంతో మీ అమ్మ పెళ్లికి చేసిన బాకీ ఒకటి తీర్చాను. ఇప్పుడు కొత్త కోడ్‌లో గడువు మూడేళ్లు. అలాగని కూర్చోకు.

రేపట్నుంచి చిన్న పాకెట్ డైరీ పెట్టుకో. తేదీ, లోపలికి వెళ్లిన టైము, బయటికొచ్చిన టైము, ఆగమని చెప్పింది ఎవరు, ఆ రోజు ఏ మెషీన్ మీద ఉన్నావు. ఏ రోజుది ఆ రోజే రాయి. వారం తర్వాత గుర్తు చేసుకుని రాసింది చూడగానే తెలిసిపోతుంది. "ఇవాళ ఆగాలి" అని వాట్సాప్‌లో పెడితే ఆ మెసేజ్ చెరిపెయ్యకు. బయోమెట్రిక్ పంచ్ గురించి మరీ జాగ్రత్త. ఐదింటికి పంచ్ కొట్టేసి మళ్లీ లోపలికి రమ్మంటే కొట్టకు. ఖాళీ వోచర్ మీద, పెన్సిల్‌తో రాసిన అంకె మీద సంతకం పెట్టకు. జీతం స్లిప్పు ఇవ్వడం వాళ్ల బాధ్యత, మొహమాటపడకుండా అడుగు.

ఆదివారం చేయించి "తర్వాత సెలవు తీసుకో" అంటే తప్పులేదు, నిజంగా ఇస్తే. అది కూడా డైరీలో రాయి.

"నువ్వు కాంట్రాక్ట్‌వాడివి, కంపెనీకి సంబంధం లేదు" అంటారు. అది అబద్ధం. కాంట్రాక్టర్ కట్టకపోతే పని చేయించుకున్న అసలు కంపెనీయే కట్టి, తర్వాత వాడి దగ్గర వసూలు చేసుకోవాలి. ఈ ఒక్క మాట తెలియకే మన కుర్రాళ్లు సగంమంది వెనక్కి తగ్గుతున్నారు. నాకు అదే బాధ.

మూడు నెలల లెక్క చేతికొచ్చాక, నీలాంటివాళ్లు నలుగురైదుగురు కలిసి మర్యాదగా కాగితం మీద రాసి ఇవ్వండి. గొడవ వద్దు, అరుపులు వద్దు. రెండో కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. జవాబు రాకపోతే లేబర్ ఆఫీసుకి వెళ్దాం. పోర్టులోనో, కేంద్ర ప్రభుత్వ సంస్థలోనో కాంట్రాక్ట్ పని చేసేవాళ్లయితే కేంద్ర లేబర్ కమిషనర్ ఆఫీసుకి వెళ్లాలి. మీది ప్రైవేటు కాబట్టి రాష్ట్ర లేబర్ ఆఫీసే. యూనియన్ వాళ్ల సాయం తీసుకోవడానికి సంకోచించకు. లాయర్ ఖర్చు గురించి టెన్షన్ పెట్టుకోకు, కార్మికులకి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. 15100కి ఫోన్ చేసినా చెబుతారు.

ఇంకొకటి. డబ్బు రెట్టింపు ఇస్తామన్నా ఒంట్లో సత్తువ లేని రోజు ఆగకు. దాంతోపాటే వచ్చిన పని భద్రత కోడ్ ప్రకారం నువ్వు ఒప్పుకుంటేనే ఓటీ చేయించాలి. పద్నాలుగో గంటలో గ్రైండర్ పట్టుకుని నేను కునుకు తీశాను. నా ఎడమ చేతి బొటనవేలు మీద ఉన్న మచ్చ నువ్వు చిన్నప్పుడు అడిగేవాడివి, అది ఆ రాత్రిది.

వచ్చే ఆదివారం పొద్దున్నే రా. గడిచిన ఆరు నెలల స్లిప్పులు, బ్యాంకు పాస్‌బుక్ తెచ్చుకో. మీ అత్త ఆ రెండు క్యాలెండర్లూ ఇంకా దాచింది, చూపిస్తానంది. డైరీ మాత్రం ఆదివారం దాకా ఆగక్కర్లేదు. ఈ రాత్రి ఇంటికి ఎన్నింటికి వచ్చావో దాంతోనే మొదలుపెట్టు.

మీ మావయ్య