కాలవగట్టు మీద టైగర్ ట్యాంకు

ప్రశ్న: బాబాయ్ గారూ, నా దగ్గర 1/16 సైజు టైగర్ రిమోట్ ట్యాంకు ఉంది. ఇంట్లో గచ్చు మీద బాగా తిరుగుతుంది. కాలవగట్టు మీదికి తీసుకెళ్తే పది నిమిషాలకే ఎడమ చైను ఆగిపోయి, బండి గుండ్రంగా తిరుగుతోంది. అమ్మినాయన ఇనప చైన్లు వేయించమంటున్నాడు. వేయించమంటారా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, రాజోలు

జవాబు: ఇప్పుడే వద్దు బాబూ. ముందు బండిని వెల్లకిలా పెట్టి ఎడమవైపు పళ్ళచక్రం వెనక చూడు. గట్టు మీద కొబ్బరి చెట్లున్నాయా? ఉంటాయిలే, రాజోలు కదా. పీచు ఇరుసుకి చుట్టుకుని, తాడు పేనినట్టు బిగుసుకుపోతుంది. నా మొదటి బండికి మోటారు పోయిందనుకుని కొత్తది తెప్పించాను. తీరా విప్పితే జానెడు పీచు వచ్చింది. పాత మోటారు ఇప్పటికీ తిరుగుతోంది.

పీచు లేకపోతే చైను ఊడదీసి, బండిని ఇటుక మీద ఎత్తిపెట్టి నడుపు. పళ్ళచక్రం హాయిగా తిరిగితే మోటారు మంచిదే, పట్టేస్తున్నది చక్రాల దగ్గర. ఒక్కో చక్రాన్నీ వేలితో తిప్పి చూడు.

రెండో ప్రపంచయుద్ధం నాటి అసలు టైగర్‌కే ఈ జబ్బుంది. 57 టన్నుల బరువు నేల మీద పరుచుకోవాలని జర్మన్లు దాని చక్రాలను ఒకదాని సందులోకి ఒకటి వచ్చేలా పెట్టారు. రష్యా చలికి ఆ సందుల్లో బురద రాత్రికి రాత్రే గడ్డకట్టి, తెల్లారేసరికి చక్రాలు కదిలేవి కావు. మనకి మంచు లేదు గాని, ఎండిన నల్లమట్టి దానికేం తీసిపోదు. అందుకే తడి ఆరకముందే కొబ్బరి ఈనెతో సందులు గీకెయ్యి. స్క్రూడ్రైవరు పెడితే రంగు లేచిపోతుంది.

చైను బిగువు కూడా చూసుకో. పైభాగం చక్రాల మీద కాస్త వాలి ఉండాలి. వీణ తీగలా లాగావంటే మోటారు వేడెక్కుతుంది, వెనక చక్రం ఇరుసు వంగుతుంది. మరీ వదులైతే ఉన్నచోటే తిప్పినప్పుడు చైను జారిపోతుంది. చెరువులు తవ్వే పొక్లెయిన్ డ్రైవర్‌ని గమనించు, మెత్తటి నేలలో బండిని ఒక్కసారిగా తిప్పడు, కొంచెం కొంచెంగా తిప్పుకుంటాడు.

దమ్ములో ట్రాక్టరుకి ఇనప చక్రాలు వేస్తాం కదా అంటావేమో. అక్కడ ఇంజనుకి ఓపికుంది. నీ బండిలోది వేలెడంత మోటారు. ఇనప చైను ప్లాస్టిక్ పళ్ళను తినేస్తుంది కాబట్టి పళ్ళచక్రాలూ మార్చాలి, బరువు పెరుగుతుంది కాబట్టి గేర్లూ మార్చాలి, ఇరుసు కన్నాలు సాగిపోకుండా బేరింగులూ పెట్టాలి. అవన్నీ చేయిస్తే నడక మటుకు అసలు ట్యాంకులా ఉంటుంది, కాదనను. ఆయ్, డబ్బులు నీవి. గేర్‌బాక్సు పక్కలు తెరిచి ఉంటే గ్రీజు పల్చగా రాయి. గ్రీజులో ఇసుక కలిస్తే అది ఆకురాయే.

ప్రశ్న: మా అబ్బాయి రిమోట్ ట్యాంకులో లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ బూరెలా ఉబ్బింది. వాడొచ్చా అండీ?
– ఒక తల్లి, భీమవరం

జవాబు: వద్దమ్మా. ఛార్జింగ్ పెట్టొద్దు, సూదితో పొడవనివ్వొద్దు. ఇంటి బయట పొడి ఇసుక పోసిన కుండలో ఉంచి, ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్ళకి ఇచ్చేయండి. బహుశా పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆడి ఉంటాడు. రెండు సెల్లుల బ్యాటరీ నిండితే 8.4 వోల్టులు, ఒక్కో సెల్లు 3 వోల్టుల కిందికి దిగకూడదు. ట్యాంకులో ఉన్నది పాత నికెల్ బ్యాటరీల కోసం చేసిన బోర్డయితే, ఛార్జి అంతకి దిగినా దానంతటది బండిని ఆపదు. కొత్తదానికి చిన్న అలారం బిగించండి, కూతపెడితే ఆట ఆపేయమనండి.

ప్రశ్న: రిమోట్ ట్యాంకుని అంతర్వేది బీచ్‌లో నడపొచ్చా?
– పాఠకుడు, నరసాపురం

జవాబు: పొడి ఇసుకలో నడపండి, అలల దగ్గరికి వద్దు. అడుగున స్విచ్చులకీ స్పీకరుకీ ఉన్న కన్నాలకి ముందే టేపు వేయండి. ఇంటికి రాగానే చైన్లు విప్పి మంచినీళ్ళతో కడిగి, ఆరాక చైను ముక్కల్ని కలిపే మేకులకు చుక్క నూనె వేసి తుడవండి. మంచినీళ్ళంటే మంచినీళ్ళే అండీ. మా చెల్లెలి ఊళ్ళో బోరు నీళ్ళతో కడిగి, నా టి-34 (రష్యా ట్యాంకు బొమ్మ) ఇనప చైన్లకి వారంలో తుప్పు తెచ్చుకున్నాను. సముద్రం దగ్గర బోరు కదా, అదీ ఉప్పే. ఇప్పుడు క్యాన్ నీళ్ళు వాడుతున్నానని మా ఆవిడ గొడవ.