మెడ నొప్పికి రిఫార్మర్ పిలాటీస్.. చేరొచ్చా?

ప్రశ్న: నా వయసు 31. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. వారంలో మూడు రోజులు గదిలోంచే పని. ఆరు నెలలుగా మెడ వెనక, కుడి భుజం పైన పట్టేసినట్టు నొప్పి. పొద్దున బాగానే ఉంటుంది, సాయంత్రానికి ఎక్కువవుతుంది. చెయ్యి తిమ్మిరెక్కడం లాంటివి లేవు. ఎక్స్‌రేలో మెడ వంపు తగ్గిందని రాశారు. అప్పట్నుంచీ టెన్షన్. మా టీమ్‌లో ఒకావిడకు రిఫార్మర్ పిలాటీస్ అనే వ్యాయామంతో తగ్గిందట. నేనూ చేరొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: చేరొచ్చు. ముందు ఆ ఎక్స్‌రే సంగతి చూద్దాం. కండరాలు పట్టేసినా, ఎక్స్‌రే తీసేటప్పుడు గడ్డం కాస్త దించినా మెడ వంపు తగ్గినట్టే కనిపిస్తుంది. ఏ నొప్పీ లేనివాళ్లలోనూ ఇది మామూలే. ఆ ఫిల్మును బీరువాలో పెట్టేసి మరిచిపోండి.

మీరు రాసిన వాటిలో నన్ను ఆపింది ‘గదిలోంచే పని’ అన్న మాట. పీజీ గదిలో టేబుల్‌కు చోటెక్కడ? మంచం మీద దిండుకు ఆనుకుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటారు. నా దగ్గరికి వచ్చే మన తెలుగు పిల్లల్లో చాలామంది కథ ఇదే. తల బరువు దాదాపు 5 కిలోలు. అది భుజాల మీద నిటారుగా ఉన్నంతసేపూ మెడకు పెద్ద శ్రమ లేదు. ముందుకు వాలేకొద్దీ వెనక కండరాలు దాన్ని పట్టుకుని గంటల తరబడి బిగిసి ఉండాలి. నీళ్ల బిందెను చంకన పెట్టుకోవడానికీ, చేతులు చాచి పట్టుకోవడానికీ ఉన్నంత తేడా. నిటారుగా కూర్చున్నా గంటల తరబడి కదలకుండా ఉంటే నొప్పి రావచ్చు. నిద్ర చాలకపోయినా, పని ఒత్తిడి ఉన్నా అది ఇంకా పెరుగుతుంది.

రిఫార్మర్ అంటే మంచం లాంటి చట్రం. దాని మీద ముందుకూ వెనక్కూ జారే బల్ల, స్ప్రింగులు, చేతులకూ కాళ్లకూ పట్టీలు ఉంటాయి. జోసెఫ్ పిలాటీస్ అనే జర్మన్ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్‌లో నిర్బంధంలో ఉన్నప్పుడు, ఆస్పత్రి మంచాల స్ప్రింగులతో దీనికి బీజం వేశాడని చెబుతారు. మీలాంటివాళ్లకు ఇందులో ఒక సౌకర్యం ఉంది. వెల్లకిలా పడుకుంటే తల బరువును బల్లే మోస్తుంది. మెడను ఇబ్బంది పెట్టకుండా పట్టీలు లాగుతూ భుజం రెక్కల చుట్టూ ఉన్న కండరాలకు బలం తెచ్చుకోవచ్చు. ఇవి బలహీనపడితే పై కండరాల మీద భారం పడి మెడ బిగుసుకోవచ్చు.

చిక్కల్లా తల పైకెత్తి చేసే వ్యాయామాలతోనే. ‘హండ్రెడ్’ అని ఒకటుంది. తల, భుజాలు లేపి, చేతులు వందసార్లు ఆడించాలి. మొదటి రోజే ఇది చేసి, నొప్పి పెంచుకుని వచ్చినవాళ్లను చూశాను. మొదట్లో తల కిందే ఉంచండి. పట్టీలు లాగేటప్పుడు భుజాలు చెవుల దగ్గరికి వెళ్తున్నాయంటే స్ప్రింగు బరువు ఎక్కువైనట్టు, తగ్గించమనండి. పెద్ద మ్యూజిక్ పెట్టి పది మందితో చేయించే క్లాసు మీకు ఇప్పుడు వద్దు. తొలి నాలుగైదు సార్లు ఒక్కరికే నేర్పే ఫిజియోథెరపిస్టు దొరికితే మంచిది. వారానికి రెండుసార్లు చేస్తూ ఆరు నుంచి ఎనిమిది వారాలు చూడండి. మర్నాడు ఒళ్లు నొప్పులు రావడం మామూలే. నొప్పి చేతిలోకి పాకితే ఆపేయాలి.

ఖర్చు మాట కూడా చెప్పాలి. పిలాటీస్ మెడ నొప్పికి మేలు చేస్తుంది కానీ, ఇతర వ్యాయామాల కన్నా గొప్పదని తేలలేదు. ఫీజు భారమనిపిస్తే రబ్బరు బ్యాండు చాలు. దాన్ని తలుపు పిడికి కట్టి, మోచేతులు వెనక్కి లాగండి. గోడకు ఆనుకుని, గడ్డాన్ని నేరుగా వెనక్కి జరిపి 5 సెకన్లు ఆపండి. ఇలా రోజూ పదిసార్లు.

ల్యాప్‌టాప్‌కు స్టాండు, విడిగా కీబోర్డు కొనండి. స్క్రీన్ పై అంచు కంటి ఎత్తులో ఉండాలి. అరగంటకోసారి లేవండి. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఫోను చూడొద్దంటే ఎవరూ వినరు, కనీసం కళ్ల ఎత్తుకు లేపి పట్టుకోండి.

చేతిలో తిమ్మిరి, పట్టు తగ్గడం, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, నడకలో తూలడం, మూత్రం మీద అదుపు తప్పడం, జ్వరం, బరువు తగ్గడం, పడిపోయాక మొదలైన నొప్పి.. వీటిలో ఏది కనిపించినా క్లాసు మాని డాక్టరును కలవండి. మూత్రం అదుపు తప్పినా, తూలినా ఆ రోజే వెళ్లాలి.

చేరేముందు ఒక ట్రయల్ క్లాసు అడగండి. మెడ నొప్పి అని చెప్పాక కూడా టీచరు ఒక్క ప్రశ్న వేయకుండా బల్ల ఎక్కమంటే, వేరే చోటు చూసుకోండి.