నిఘా వాళ్లకు కాలేజీ మాస్టార్లతో పనేంటంటే...

"వేలమంది ఉద్యోగులుండగా నిఘా వర్గాలు బయటి ప్రొఫెసర్లను ఎందుకు కలుస్తాయి? రహస్యాలు అడుగుతారా, డబ్బులిస్తారా?" అని అడిగారు. నాకు ఒక్కసారే ఎదురైంది, చెప్తాను.

హైదరాబాద్‌లో చాలా ఏళ్లు ఫారసీ, అంటే ఇరాన్ భాష, పాఠాలు చెప్పాను. రిటైర్మెంట్‌కు ముందు ఒకరోజు ఫోన్. "గవర్నమెంట్ నుంచి సార్, ఇరాన్ గురించి కొంచెం మాట్లాడాలి." మా ఆవిడకు టెన్షన్. "ఈమధ్య ఎక్కడైనా ఏమైనా రాశారా ఏంటండీ?" అంది. ఇద్దరొచ్చారు. ఆబిడ్స్‌లో ఇరానీ హోటల్లో కూర్చున్నాం. ఇరాన్ గురించి ఇరానీ హోటల్లో! ముగ్గురికీ తట్టే ఉంటుంది, ఎవరూ నవ్వలేదు.

రహస్యాలేం అడగలేదు, నా దగ్గరుంటే కదా. వాళ్ల దగ్గర ఇరాన్ నినాదాల అనువాదం ఒకటి ఉంది. "మర్గ్ బర్" అన్నచోటల్లా "చావు" అని రాసుకున్నారు. బెదిరింపా సార్ ఇది, అన్నాడు పెద్దాయన. మాటకు మాట పెడితే చావే. మరి మన ధర్నా చౌక్‌లో "మొండి వైఖరి నశించాలి" అని అరిస్తే ఎవర్నో చంపబోతున్నట్టా? అలాగని ఉత్తమాటని తీసిపారేయనూ లేం. ఎవరన్నారు, శుక్రవారం నమాజు గుంపులోనా, పార్లమెంటులోనా, అది చూడాలి. అక్కడ టాక్సీవాణ్ణి కిరాయి ఎంతని మనం అడిగితే ముందు "గాబెల్ నదారే" అంటాడు, అదెంత పనిలెండి అన్నట్టు. అది మర్యాద. నమ్మి దిగిపోతే వెంటపడతాడు! ఇలాంటివే గంటన్నర చెప్పాను. చిన్నాయన రాసుకుంటూనే ఉన్నాడు.

ఇది తెలియకపోతే ఏమవుతుందో 1978లో కనిపించింది. ఇరాన్‌లో విప్లవం కాదు కదా, దాని ముందు పరిస్థితి కూడా లేదని ఆ ఆగస్టులో అమెరికా నిఘా సంస్థ సీఐఏ అంచనా. 1979 జనవరి 16న ఇరాన్ రాజు షా దేశం వదిలి వెళ్లాడు. ఎక్కడ తప్పారో చూడమని మళ్లీ ఒక ప్రొఫెసర్నే పిలిచారు, తర్వాత కొలంబియా యూనివర్సిటీలో చేరిన రాబర్ట్ జెర్విస్‌ని. మతం జనాన్ని అంతలా కదిలిస్తుందని విశ్లేషకులకు తట్టనేలేదని ఆయన తేల్చాడు. అప్పటికి షాను ఎదిరించిన మతగురువు ఖొమైనీ ప్రసంగాలు క్యాసెట్లలో ఊరూరా తిరుగుతున్నాయి.

ఇక లేవబోతుండగా, "మీకు తెలిసిన ఇరాన్ స్టూడెంట్స్ ఇక్కడ ఎవరెవరున్నారు సార్?" అన్నారు. అప్పట్లో మన యూనివర్సిటీల్లో చాలామందే ఉండేవారు. దేశం గురించి ఎంతసేపైనా చెప్తాను బాబూ, పిల్లల పేర్లు మాత్రం నా నోట రావు, అన్నాను. 1985లో హార్వర్డ్‌లో ఒక సదస్సుకు సీఐఏ డబ్బు అందిందని బయటపడేసరికి పిలిచినవాళ్లే కొందరు రామన్నారు. ఒకసారి నిఘా వాళ్ల మనిషన్న ముద్ర పడితే టెహ్రాన్‌లో మనకు తలుపు తీసేదెవరు?

పెద్దాయన ఏమీ అనలేదు. మళ్లీ ఫోనూ రాలేదు. డబ్బు సంగతి అడిగారుగా, బిల్లు వాళ్లే కట్టారు: మూడు చాయ్‌లు, ఒక ప్లేటు ఉస్మానియా బిస్కెట్లు.