టెక్ సందేహాలు: ఎర్రర్ పోయింది, గ్రిడ్ కూడా పోయింది

ప్రశ్న: డిస్ట్రిబ్యూషన్ నెట్‌వర్క్ సిమ్యులేషన్ కోసం సీనియర్లు ఒక పాత పైథాన్ స్క్రిప్టు ఇచ్చారు. పాండాపవర్ (కరెంటు నెట్‌వర్క్‌ల లెక్కలు చేసే పైథాన్ లైబ్రరీ) కొత్త వెర్షన్ వేశాక 'పి_కేడబ్ల్యూ' అంటే ఏంటో తెలియదంటూ ఆగిపోయింది. కేడబ్ల్యూ ఉన్నచోటల్లా ఎండబ్ల్యూ అనీ, కేవీఏ ఉన్నచోటల్లా ఎంవీఏ అనీ మార్చేశాను. ఎర్రర్లు పోయాయి కానీ లోడ్ ఫ్లో (ఏ లైన్లో ఎంత పవర్ పోతుందో తేల్చే లెక్క) కన్వర్జ్ కావట్లేదు, అంటే ఒక జవాబు దగ్గర ఆగట్లేదు. పాత వెర్షన్‌కే వెళ్లిపోనా?

జవాబు: వెళ్లకండి. మీరు పేర్లు మార్చారు, అంకెలు వదిలేశారు, అంతే. పాండాపవర్ 2.0 వచ్చినప్పుడు, అంటే 2019లో, పవర్ విలువలు కిలోవాట్ల నుంచి మెగావాట్లకు మారాయి. కాబట్టి మీ స్క్రిప్టులో 250 కిలోవాట్ల లోడు ఇప్పుడు 250 మెగావాట్లు! దానికి తగ్గట్టే 400 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కూడా 400 ఎంవీఏ అయి కూర్చుంది. లైన్లు మాత్రం అవే, వాటి ఓమ్స్ ఏమీ మారలేదు. 400 వోల్టుల సన్నటి తీగ మీద 250 మెగావాట్లు పంపమంటే ఆ లెక్క చేసే న్యూటన్-రాఫ్సన్ పద్ధతి కాసేపు తిరిగి చేతులెత్తేయక ఏం చేస్తుంది?

అలాగని అన్నింటినీ కళ్లు మూసుకుని 1000తో భాగించేయకండి. లోడులో 250ని 0.25 చేయాలి, ట్రాన్స్‌ఫార్మర్‌లో 400ని 0.4 చేయాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఐరన్ లాస్ 'పీఎఫ్ఈ_కేడబ్ల్యూ' మాత్రం ఈరోజుకీ కిలోవాట్లలోనే ఉంది, పేరు కూడా అదే, దాని జోలికి వెళ్లొద్దు, ఇప్పటికే మార్చేసి ఉంటే పాత పేరే పెట్టండి. షార్ట్ సర్క్యూట్ వోల్టేజి 'వీఎస్‌సీ_పర్సెంట్' పేరు 'వీకే_పర్సెంట్' అయింది, విలువ అదే.

అసలు భయపడాల్సింది ఇంకొకటి ఉంది. పాత వెర్షన్లో జనరేటర్ ఇచ్చే పవర్‌ని మైనస్‌లో రాసేవాళ్లు, 2.0 నుంచి ప్లస్‌లో రాయాలి. ఆ మైనస్ అలాగే ఉండిపోతే ఏ ఎర్రరూ రాదు, లోడ్ ఫ్లో చక్కగా కన్వర్జ్ అవుతుంది, కాకపోతే మీ సోలార్ ప్లాంటు కరెంటు ఇచ్చే బదులు తాగుతూ ఉంటుంది. నేనూ ఒకసారి ఇలాగే ఫీడర్ చివర వోల్టేజి ఎందుకు పడిపోతోందా అని ఒక సాయంత్రమంతా కేబుల్ డేటా తవ్వి తవ్వి, చివరికి ఒక్క మైనస్ గుర్తు దగ్గర తేలాను.

సీనియర్ల దగ్గర స్క్రిప్టుతో పాటు ఆ నెట్‌వర్క్ జేసన్ ఫైలుగా కూడా ఉందేమో అడగండి. ఉంటే ఈ తంటా చాలావరకు తప్పుతుంది, దాన్ని పాండాపవర్ తెరిచేటప్పుడే కొత్త పద్ధతిలోకి మార్చుకుంటుంది.

ఇకపై అప్‌డేట్ చేసేముందు విడిగా ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకుని కొత్తది అందులో వేయండి. మొదట మీ నెట్‌వర్క్ కాదు, ఐఈఈఈ 14 బస్ కేసు (జవాబు ముందే తెలిసిన 14 బస్సుల, అంటే 14 కూడళ్ల, నమూనా గ్రిడ్) నడపండి. లోడు 259 మెగావాట్లు, లాసులు దాదాపు 13.4 మెగావాట్లు రావాలి. వచ్చాయంటే సాఫ్ట్‌వేర్ బాగానే ఉన్నట్టు. తర్వాత మీ నెట్‌వర్క్‌ని పాతదానిలో, కొత్తదానిలో నడిపి బస్ వోల్టేజీలు పక్కపక్కన పెట్టండి. తేడా మూడో దశాంశంలోనే కనిపిస్తుంటే ఎక్కడో డేటా తప్పు దొర్లింది.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ అదే, ఈసారి కొత్త ఏడాది లోడ్ డేటా, వాతావరణ డేటా మాత్రం మార్చాను. సోలార్ ఉత్పత్తి మిట్టమధ్యాహ్నం కాకుండా వేరే టైములో పీక్ చూపిస్తోంది. పైగా గంటల లెక్క కుదరట్లేదని ఎర్రర్.

జవాబు: మీ వాతావరణ డేటా ఈఆర్ఏ5 (ప్రపంచమంతటికీ గంటగంటకూ విలువలిచ్చే వాతావరణ డేటా) లాంటిదైతే టైమ్ యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటుంది. లోడ్ డేటా స్థానిక సమయంలో ఉండి ఉంటుంది. రెండింటినీ యూటీసీలోకి తెచ్చి అప్పుడు కలపండి. అప్పటికీ అరగంట తేడా కనిపిస్తే కంగారు పడొద్దు, ఈఆర్ఏ5లో రేడియేషన్ విలువ ఆ గంట ముగిసే సమయం పేరిట ఉంటుంది, అంటే 12 గంటల విలువ నిజానికి 11 నుంచి 12 వరకు పడిన ఎండ. ఇక గంటల లెక్క అంటారా, మామూలు ఏడాదికి 8760, లీప్ ఇయర్‌కి 8784. ఒక ఫైలు 2023ది, ఇంకోటి 2024ది అయ్యుంటుంది, చూసుకోండి. ఫిబ్రవరి 29ని తీసేసి సరిపెట్టేవాళ్లున్నారు, నాకైతే నచ్చదు, రెండూ ఒకే ఏడాదివి తెచ్చుకోవడమే మంచిది. వేసవిలో గడియారం గంట ముందుకు జరిపే దేశం డేటా అయితే ఏడాదిలో ఒక రోజుకి 23 గంటలు, ఇంకో రోజుకి 25 గంటలు ఉంటాయి, మొత్తం మాత్రం 8760 సరిపోతుంది కాబట్టి ఎర్రర్ రాదు.

ప్రశ్న: పైప్సా (గ్రిడ్ ప్లానింగ్‌కి వాడే ఇంకో పైథాన్ లైబ్రరీ) అప్‌డేట్ చేశాక 'లాప్ఫ్' (తక్కువ ఖర్చుతో పవర్ ఎలా పంపాలో లెక్కగట్టేది) కమాండే లేదంటోంది.

జవాబు: దాని బదులు 'ఆప్టిమైజ్' వాడండి. సాల్వర్ (ఆ లెక్కని నిజంగా సాధించే ప్రోగ్రామ్) లేకపోతే ఉచితంగా దొరికే హైస్ (HiGHS) వేసుకోండి.