షుగర్ రాలేదు, కానీ ట్రైగ్లిజరైడ్లు 230

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. గుండె పరీక్షల్లో ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 230, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 34, పరగడుపు షుగర్ 108. షుగర్ జబ్బు వస్తుందా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: తప్పక వస్తుందని కాదండీ, ముప్పు మాత్రం ఎక్కువే. ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు కాలేయం రక్తంలోకి కొవ్వును ఎక్కువగా వదులుతుంది. దాంతో ట్రైగ్లిజరైడ్లు పెరిగి, మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది. షుగర్ అంకె పెరగడానికి ఏళ్ల ముందే ఇది కనబడవచ్చు. మీ పరగడుపు షుగర్ 108 కూడా ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకు ముందు దశ, పరిధి (100–125)లోనిదే. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చేయించండి; 5.7–6.4 శాతం వస్తే అదీ ప్రీడయాబెటిస్ అనే అర్థం. రక్తహీనత ఉంటే ఆ అంకె తప్పుదారి పట్టిస్తుంది, డాక్టరుకు ముందే చెప్పండి. నడుము 90 సెంటీమీటర్లు దాటితే బరువులో 5–7 శాతం తగ్గాలి. వారానికి 150 నిమిషాలు వేగంగా నడవండి. రాగి సంగటి మంచిదే, కానీ అందులో బియ్యమూ ఉంటుంది కదా: ఒక చిన్న ముద్ద, పక్కన ఆకుకూర పప్పు ఎక్కువగా. మద్యం అలవాటుంటే ముందు అది మానండి.